కుడిచెవితో వినే మనిషి

ఆమె ఒకసారి సర్వర్‌ను గొడ్డలితో నరికిందని నేను నరసరావుపేటలో చాలామందికి చెప్పాను. టీకొట్టు దగ్గర చెప్పాను, కోర్టు ఎదుటి జిరాక్సు షాపులో చెప్పాను, మా వియ్యంకుడికి రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్పేటప్పటికి గొడ్డలి ఇంకాస్త పెద్దదైంది. నిజానికి అది గొడ్డలి కాదు, షట్టర్ కిందికి లాగే ఇనపకొక్కెం. సర్వర్ కాదు, ప్రింటర్. నరకనూ లేదు, రెండు దెబ్బలు వేసింది. రెండో దెబ్బకి ప్రింటర్ లేచి పనిచేసింది. ఈ చివరి ముక్క కూడా అబద్ధమే. అది మళ్ళీ లేవలేదు.

నా సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నదాన్ని మూడింతలు చేసి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆమెకి అది బాగా తెలుసు. "ఈరోజు వంద బళ్ళొచ్చినయ్యమ్మాయ్" అంటే, తల ఎత్తకుండానే "ముప్పైమూడన్నమాట" అనేది. పోయి లెక్కపెడితే ముప్పై నాలుగుండేవి.

మొన్న గురువారం మిల్లు నుంచి ఫోనొచ్చింది. సోమవారం పాత సర్వర్ తీసేస్తున్నారట. "అందులో మీకు కావాల్సిందేమైనా ఉందా సార్?" అని మర్యాదకి అడిగారు. ఉంది. ఇరవై మూడు లైన్లున్నాయి. ఏమీ లేదమ్మా అని ఫోను పెట్టేశాను. ఆమె పోయి అప్పటికి పదకొండు నెలలు. ఆ సర్వర్ కూడా పోతే ఇక ఆ ఇరవై మూడు లైన్ల సంగతి తెలిసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే. నాలాంటివాడి చేతిలో నిజం ఒంటరిగా మిగలడం మంచిది కాదు. అందుకని రాస్తున్నాను.

నేను పనిచేసింది ఒక పత్తి జిన్నింగ్ కంపెనీలో. నరసరావుపేట మిల్లు పెద్దది. మాచర్లలో, గురజాలలో, నూజెండ్లలో బ్రాంచీలు. రైతు పత్తి బండి తోలుకొస్తే టోకెన్ ఇవ్వడం, తేమ చూడడం, కాటా వెయ్యడం, గోడౌన్‌కి పంపడం, అన్నీ ఒకే అప్లికేషన్‌లో జరిగేవి. అది జావా భాషలో రాసింది. ఆ కంప్యూటర్ సెక్షన్‌కి నేను పెద్దని. ఐదుగురం ఉండేవాళ్ళం. పదిహేనుమంది అని మా వియ్యంకుడితో అన్నాను.

ఆమె నకరికల్లు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. సెలవుల్లో పత్తి తీయడానికి పోయి పోయి కాయల మొనలు గుచ్చుకున్న గీతలు వేళ్ళ నిండా ఉండేవి. ఆ వేళ్ళతో కీబోర్డు మీద టైపు చేసేది కాదు, మోదేది. మొదటిరోజు నన్ను సార్ అనబోయి, నోరు తిరగక బాబాయ్ అంది. అదే స్థిరపడింది. రైతులు ఆమెని జావా మేడమ్ అనేవాళ్ళు. ఆ మాటకి అర్థం ఎవరికీ తెలియదు. ఏదో ఊరిపేరనుకున్నారు.

కంప్యూటర్ పనిలో ఒక మాటుంది. మొండికేసి ఆగని ప్రోగ్రామును ఆపడాన్ని చంపడం అంటారు. వేరే ఊళ్ళలో ఆ మాట ఎవరూ పట్టించుకోరేమో. ఒక ప్రోగ్రాము పుట్టించిన చిన్న ప్రోగ్రాముల్ని దాని పిల్లలంటారు. మా పల్నాటిలో ఆఫీసు కిటికీ బయట బెంచీ మీద రైతులు కూర్చునుంటారు. లోపల నుంచి ఈమె గొంతు వినబడేది.

"చంపు. చంపావా? ఇంకా బతికే ఉన్నాడు చూడు. వాడి పిల్లలు కూడా ఉన్నయ్యి, వాటిని ముందు లేపెయ్యి. తర్వాత వాడే పోతాడు."

బెంచీ మీది వాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవర్నమ్మా?"

"నిన్న సాయంత్రం నుంచి నడుస్తా ఉంది తాతా, ఆగట్లా."

"ఏ ఊరు?"

ఆమె నవ్వలేదు. ఆ విషయంలో ఆమె నవ్వేది కాదు. ఎందుకో నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది.

ఆమె తండ్రిని పట్టపగలు, బస్సు దిగిన చోట నరికారు. ఈ మాట ఒక్కసారే చెప్పింది, అదీ పని మధ్యలో, లాగ్ చదువుతూ. లాగ్ అంటే అప్లికేషన్ తాను చేసిన ప్రతి పనినీ, ఏ క్షణాన చేసిందో సహా, తనంతట తాను రాసుకునే ఫైలు. ఎక్కడ ఏది చెడినా మేమందరం గుమాస్తాలను పిలిచి ఏం జరిగిందని అడిగేవాళ్ళం. ఆమె ఎవరినీ అడగదు. తిన్నగా లాగ్ తెరిచి, కింద నుంచి పైకి చదువుకుంటూ పోయేది.

"మనిషిని అడగబాక బాబాయ్. మా నాన్నని నరికేటప్పుడు నలభైమంది చూశారు. పోలీసులొస్తే ఒక్కడంటే ఒక్కడు నోరు తెరవలా. ఒకడు మేకల్ని చూస్తన్నా అన్నాడు, ఒకడు బీడీ ముట్టిస్తన్నా అన్నాడు. ఇదైతే దాచదు. ఎవరు చేస్తే వాడి పేరు చెప్పుద్ది."

ఆ నలభై సంఖ్యను మూడుతో భాగించాల్సిన పని లేదు. ఆమె చెప్పింది కాబట్టి నలభయ్యే.

మా పాత అప్లికేషన్ సీజన్‌లో కూలిపోతూ ఉండేది. నవంబరు వచ్చి బళ్ళు బారులు తీరేసరికి తెరలు గడ్డకట్టుకుపోయేవి. యజమాని కొత్తది కట్టించమన్నాడు. అంతకుముందు ఫ్రేమ్‌వర్క్ ఎంచుకోవాలి. ఫ్రేమ్‌వర్క్ అంటే, ఇల్లు కట్టేవాడికి పిల్లర్లూ స్లాబూ పోసి ఇచ్చినట్టు, అప్లికేషన్ రాసేవాళ్ళకి ముందే కట్టి ఇచ్చే చట్రం. గోడలు మనం పెట్టుకోవాలి. జావాకి ఇలాంటివి బోలెడున్నాయి. వాటి పేర్లు ఇక్కడ రాయను. ఒక్కోదానికీ ప్రాణం పెట్టే అభిమానులున్నారు, ఈ వయసులో నా ఇంటి మీదికొస్తే తట్టుకోలేను.

మూడు కంపెనీల వాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చారు. మూడు ఫ్రేమ్‌వర్క్‌లలో మూడు నమూనాలు చేసి చూపించారు. మొదటాయన ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. తెర మీద పత్తి బండి వస్తోంది, టోకెన్ వస్తోంది, అంతా వెన్నలా సాగుతోంది. ఆమె లేచి గోడ దగ్గరికి పోయి నెట్‌వర్క్ తీగ ఊడబెరికింది.

"ఏందమ్మాయ్ అది, ఆయన చూపిస్తంటే" అన్నాను.

"నడిచేటప్పుడు అన్నీ బానే ఉంటయ్యి బాబాయ్. కింద పడ్డప్పుడు ఏమంటదో చూడాల."

మొదటిది ఏమీ అనలేదు. తెర తెల్లగా అయిపోయి ఊరుకుంది. రెండోది ఎర్రటి ఇంగ్లీషు రెండు వందల లైన్లు తెర నిండా కక్కింది, డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా. మూడోది "కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించండి" అని తెర మీద ఒక్క ముక్క పెట్టి, లోపల లాగ్‌లో మాత్రం ఎక్కడ, ఏ లైను దగ్గర, ఏ క్షణాన తెగిందో శుభ్రంగా రాసుకుంది.

"ఇది బతికిన ఇంటి పిల్ల" అంది.

అంతటితో వదల్లేదు. డేటాబేస్ ఆపి చూసింది. ఒత్తులూ దీర్ఘాలూ ఉన్న తెలుగు పేర్లు కొట్టి చూసింది. ఒకే మీట పదిసార్లు నొక్కి చూసింది. సంతలో ఎద్దును కొనేవాడు తోక మెలిపెట్టి చూసినట్టు మూడింటినీ హింసించింది. మొదటాయనకి ఒళ్ళు మండింది.

"మేడమ్, ప్రపంచమంతా దీన్నే వాడుతోంది."

"కరెంటు పోతే ప్రపంచం మాచర్ల బ్రాంచికి వస్తదా? ఇది తెలిసిన మనిషి నరసరావుపేటలో రేపు పొద్దున దొరుకుతాడా, అది చెప్పు."

ఆయన ఇంకేదో అనబోతుంటే ఆయన లాప్‌టాప్ మూత ధడేలున మూసింది. దాన్ని కిటికీలోంచి విసిరేసిందని చెప్పుకొచ్చాను ఇన్నాళ్ళూ. విసరలేదు. మూతలో ఆయన చిటికెనవేలు పడింది, రక్తం వచ్చింది. పసుపు నేనే అద్దాను. ఇది నిజమే.

మూడోదే తీసుకున్నాం. తీసుకున్న రోజున మా అందరినీ కూర్చోబెట్టి ఒక నియమం పెట్టింది.

"పాత కోడు ఒక్క లైను కూడా ఎత్తుకొచ్చి పెట్టబాకండి. పాత ఫ్రేమ్‌వర్క్ ఇస్తరాకు లాంటిది. వచ్చినోడికల్లా కొత్తాకు ఏసుద్ది, తిన్నాక తీసి పారేసుద్ది. అందుకని ఆకులో ఏం వదిలినా నడిచింది. ఈ కొత్తదాంట్లో అందరికీ ఒకటే కంచం. రైతు పేరు, బండి నంబరు, ఏదీ కంచంలో పెట్టబాకండి. ఎవడి ముద్ద వాడి చేతిలోనే ఉండాల. లేకపోతే ఒకడి కూడు ఇంకొకడు తింటాడు."

అందరూ తలూపారు. అందరికన్నా గట్టిగా ఊపింది నేను.

తర్వాత టోకెన్ తెర నాకు కావాలన్నాను. మొత్తం అప్లికేషన్‌లో యజమాని రోజూ చూసేది ఆ తెరనే. అరవయ్యో ఏట కూడా కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో రాయగలడని ఆయనతో అనిపించుకోవాలని నా సరదా. పాత కోడు తెరిచాను. ఒక మధ్యాహ్నంలో కాపీ చేసి కొత్తదాంట్లో పెట్టాను. రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, బండి నంబరు, వరస నంబరు, అన్నీ కలిపి ఇరవై మూడు లైన్లు, పాతదాంట్లో ఎక్కడున్నాయో అక్కడే, కంచంలోనే ఉంచాను. నడిచింది. ఒక్కడే కూర్చుని తింటే కంచం ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది కదా.

మా వాళ్ళు రాసిన ప్రతి తెరనీ ఆమె చదివేది. చదవడమంటే చీల్చడం. ఒకతన్ని ఏడిపించింది. నా దగ్గరికి కుర్చీ లాక్కుని వచ్చింది.

"బాబాయ్, నీది తెరువు."

"నేను రాసింది నువ్వు చూసేదేందమ్మాయ్" అని నవ్వాను. "నీ వయసంత సర్వీసుంది నాకు."

ఆమె కాసేపు నా తెరవైపు చూసింది. ఇంకెవరన్నా అయితే చెయ్యి విరిచి తెరిపించేది. బాబాయ్ అని పిలిచాక ఆ పని చెయ్యలేకపోయింది. "సరే బాబాయ్" అని కుర్చీ వెనక్కి లాక్కుపోయింది.

సీజనొచ్చింది. ఆరు కౌంటర్లలో ఆరుగురు టోకెన్లు కొట్టేవాళ్ళు. వాళ్ళలో కోటేశు అని ఒకతను, ముప్పై ఏళ్ళవాడు, నోట్లో నాలుక లేనివాడు. మూడుసార్లు నా దగ్గరికొచ్చాడు.

"సార్, ఒకరి పేరు కొడితే ఇంకొకరి పేరు స్లిప్పు మీద పడతంది."

"నీ చెయ్యి తడబడి ఉంటది. చించేసి మళ్ళీ కొట్టు."

"నేను సరిగ్గానే కొడుతున్నా సార్."

"కొట్టమన్నానా?"

కొట్టాడు. ఆమెకి చెప్పొద్దని కూడా అన్నాను. ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ సీజన్‌లోనే ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి వినుకొండ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. రోడ్డు మీద కిలోమీటరు పొడుగునా ట్రాక్టర్లు. పైన పట్టాలు కప్పినా నాలుగు చినుకులు పడితే పత్తి తేమ తాగుతుంది. తేమ ఎక్కువైతే కాటా దగ్గర తిరగ్గొడతారు. అందుకని ఆ పూట ఎవడి వరస ముందుంటే వాడు బతికినట్టు.

మాచర్ల దారిలోని ఒకే ఊరి నుంచి రెండు వర్గాల బళ్ళు వచ్చాయి. ఒకవైపు నాయకుడి మెడలో ఎర్ర తువ్వాలు, రెండోవైపు నాయకుడికి గుబురు మీసాలు. పేర్లు వద్దు, ఇద్దరి పిల్లలూ ఇప్పుడు పదవుల్లో ఉన్నారు. తువ్వాలాయన తమ్ముణ్ణి మూడేళ్ళ కిందట చంపారు. మీసాలాయన అన్నకి ఒక కాలు లేదు. ఆ మిల్లు గేటులో ఆ ఇద్దరూ పదడుగుల దూరంలో నిలబడి ఒకరినొకరు చూసుకోకుండా పొద్దున్నుంచీ కాచుకునున్నారు.

తువ్వాలాయన ముందు నిలబడ్డాడు. కోటేశు ఆయన పేరు కొట్టాడు. అదే క్షణాన పక్క కౌంటర్లో మీసాలాయన పేరు కొట్టారు. తువ్వాలాయన చేతికొచ్చిన స్లిప్పు మీద పద్నాలుగో వరస, మీసాలాయన పేరు. కోటేశు అలవాటు ప్రకారం దాన్ని చించబోయాడు.

"ఆగు. ఎందుకు చించుతన్నావు?"

"పేరు తప్పు పడింది, మళ్ళీ కొడతా."

"నా వరస వాడికమ్మి, దొరికాక చించుతన్నావా?"

ఆ తర్వాత జరిగింది చాలా త్వరగా జరిగింది. కౌంటర్ మీదికి ఎగబడి కోటేశు కుడిచేతిని బల్ల మీద అదిమి పట్టారు. ఒకడు కర్రతో కొట్టాడు. వేళ్ళు విరిగిన చప్పుడు నేను విన్నాను. ఎండిన పత్తికట్టె విరిచినట్టుంది. రెండో వర్గం వాళ్ళు తమ పేరు వినబడగానే లోపలికొచ్చారు. సీజన్‌లో ట్రాక్టర్లో పత్తి కింద ఏముందని ఎవరూ అడగరు. ఆ రోజు అడగకుండానే బయటికొచ్చింది. వేటకొడవళ్ళు. కోటేశును జుట్టుపట్టి వరండాలోకి ఈడ్చి స్తంభానికి ఆనించారు. ఒక కొడవలి అతని గొంతు మీద ఉంది, మిగిలినవి ఒకరి మీదికొకరు ఎత్తి పట్టుకునున్నారు. గేటు వాచ్‌మన్ గేటు వదిలి పరిగెత్తాడు.

"ఎంత తిన్నావురా?"

కోటేశు నా కోసం చూశాడు. చించమన్నది నేనని చెబుతానేమో అని చూశాడు.

నేను కొడవళ్ళ మధ్యకి దూకి, ఒకదాన్ని వట్టిచేత్తో పట్టుకున్నానని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు. అప్పటికే నేను ఎదుటి గోడౌన్‌లో పత్తి బేళ్ళ వెనకాల ఉన్నాను. రెండు బేళ్ళ మధ్య సందులోంచి చూశాను.

ఆమె బయటికొచ్చింది. అప్పటిదాకా లోపల లాగ్ చదువుతోంది. చేతిలో ఏమీ లేదు.

"వాణ్ణి వదలండి. వాడు కాదు. యంత్రం కలిపేసింది."

తువ్వాలాయన నవ్వాడు. "యంత్రానికి మా పగలు తెలుసా అమ్మా, సరిగ్గా మా ఇద్దరికే కలిపింది?"

"తెలవదు. తెలవదు కాబట్టే కలిపింది. తెలిసినోడైతే మీ ఇద్దరి పేర్లు ఒక కాయితం మీద పెడతాడా?"

ఆమె వేళ్ళు మడిచి చెప్పింది. "చూపిస్తా రండి. మీలో ముగ్గురు, వాళ్ళలో ముగ్గురు. చూపించలేకపోతే అప్పుడు మీ ఇష్టం."

ఆరుగురు కౌంటర్లలో కూర్చున్నారు, ఒకడు ఇటువాడు, ఒకడు అటువాడు. కొడవళ్ళు కీబోర్డుల పక్కన పెట్టుకున్నారు. ఆమె వరసగా పోతూ ఒక్కొక్కడి పేరూ టైపు చేసి, మీట చూపించింది.

"నేను చెయ్యి దించంగానే అందరూ ఇది కొట్టండి. ముందు కొట్టబాకండి, ఎనక కొట్టబాకండి. ఒకటే దెబ్బ."

"కొట్టటం మాకు నేర్పుతుందంట" అన్నాడు ఒకడు.

చెయ్యి దించింది. ఆరు స్లిప్పులొచ్చాయి. ఎవడి పేరు వాడికే వచ్చింది.

మళ్ళీ దించింది. మళ్ళీ సరిగ్గానే వచ్చింది.

వరండాలో కొడవలి పట్టుకున్నవాడు కొంచెం నొక్కాడు. కోటేశు మెడ మీద సన్నటి ఎర్రగీత తేలి కాలర్‌లోకి దిగింది. అతను కళ్ళు మూసుకున్నాడు. "చూపించావుగా" అన్నాడు తువ్వాలాయన, లేవబోతూ.

ఆమె అక్కడే నిలబడి, నుదురు మీద చేత్తో గట్టిగా కొట్టుకుంది. ఆలోచన రావాలంటే ఆమె ఎప్పుడూ అలాగే కొట్టుకునేది. తర్వాత ఫోన్ తీసి మాచర్లకి కొట్టింది, గురజాలకి కొట్టింది, నూజెండ్లకి కొట్టింది. ముగ్గురితోనూ ఒకటే మాట.

"సీజన్ మొత్తం రిపోర్టు తియ్యి. ఇప్పుడే. ఎందుకని అడగబాక, తియ్యి."

నాకు బేళ్ళ వెనకాల అర్థమైంది. గుమాస్తాలందరూ చేతులు ఆపేయడంతో సర్వర్ ఖాళీగా కూర్చుంది. ఖాళీగా ఉన్నది తొందరగా పని చేస్తుంది. ఒకడు తిని లేచాకే రెండోవాడికి కంచం అందుతోంది. బ్రాంచీలు కూడా ఆ సర్వర్ మీదే నడిచేవి. అక్కడి రిపోర్టులతో దాని నెత్తిన బరువు పెడితే నెమ్మదిస్తుంది. అప్పుడు ఒకడు తింటుండగానే ఇంకొకడి చెయ్యి కంచంలో పడుతుంది.

"కూర్చో అన్నా" అంది తువ్వాలాయనతో. "ఇంకొక్కసారి. మా నాన్నని నరికినోళ్ళు కూడా అడిగి నరకలా. నువ్వన్నా అడిగి నరుకు."

ఆయన కూర్చున్నాడు. ఆమె చెయ్యెత్తి, తెర మీద గడియారం తిరగడం మొదలయ్యేదాకా ఆగి, దించింది.

స్లిప్పులు చాలాసేపటికి వచ్చాయి. తువ్వాలాయన తనది తీసి చదివాడు. మీసాలాయన పేరుంది. మీసాలాయన తనది చదివాడు. తువ్వాలాయన పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు. ఇద్దరూ కాయితాలు పట్టుకుని మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరూ అక్కడే కౌగిలించుకున్నారని కూడా నేను చెప్పాను. అదేం లేదు. స్లిప్పులు మార్చుకున్నారు, అంతే. వేళ్ళు తగలకుండా మార్చుకున్నారు.

కోటేశును వదిలేశారు. అతను స్తంభం పట్టుకుని కిందికి జారాడు.

అంతా అయిపోయిందని నేను బేళ్ళ వెనకనుంచి బయటికొచ్చాను. లోపలికి పోయి, ఆమెకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. అప్పుడు తువ్వాలాయన అడిగాడు.

"ఐతే ఇది రాసినోడెవడు?"

ఆమె వెనక తెర మీద ఆ కోడు తెరిచే ఉంది. ప్రతి లైను పక్కన రాసినవాడి పేరు చూపించే పేజీ అది. ఇరవై మూడు లైన్లు, ఇరవై మూడుసార్లు నా పేరు. ఆమె ఒక అడుగు పక్కకి జరిగి దానికి అడ్డంగా నిలబడింది. నావైపు చూసింది. ఎక్కువసేపు కాదు. నేను కిటికీలోంచి మబ్బువైపు చూశాను. మేకల్ని చూస్తున్నా అన్నవాడు కూడా సరిగ్గా ఇలాగే చూసి ఉంటాడు.

"నేనే రాశా" అంది.

కర్ర అడ్డంగా వచ్చి ఎడమచెవి మీద తగిలింది. కోటేశు వేళ్ళు విరిచిన కర్రే. ఆమె కీబోర్డు మీద పడింది. తెర నిండా అర్థం లేని అక్షరాలు పరిగెత్తాయి. చెయ్యి ఊనుకుని లేచింది. చెవిలోంచి రక్తం భుజం మీదికి కారుతోంది.

"ఐపోయిందా? బళ్ళు వరసలో పెట్టుకోండి, వానొస్తంది. టోకెన్లు చేత్తో రాసిస్తా."

రాసింది. పద్నాలుగు తువ్వాలాయనకి, పదిహేను మీసాలాయనకి. సాయంత్రం దాకా రాస్తూనే ఉంది. కొన్ని స్లిప్పుల మీద ఎర్రచుక్కలు పడ్డాయి. ఎవరూ వాటి గురించి మాట్లాడలేదు.

ఆ దెబ్బ నాకు తగిలిందని చెప్పి భుజం మీద మచ్చ చూపించేవాణ్ణి. అది స్కూటర్ మీంచి పడ్డప్పటిది.

మర్నాడు పొద్దున పది నిమిషాల్లో ఆ ఇరవై మూడు లైన్లూ కంచంలోంచి తీసి, ఎవడి ముద్ద వాడి చేతిలో ఉండేట్టు పెట్టింది. చేసిన మార్పు ఏమిటో రాయాల్సిన చోట రెండే మాటలు రాసింది: "కంచం కడిగా." పాత లైన్లు మాత్రం, వాటి పక్కన నా పేరుతో సహా, పాత మార్పులన్నీ సర్వర్ దాచుకునే చరిత్రలో అలాగే ఉంచింది. కొడవళ్ళ ముందు అబద్ధం చెప్పిన మనిషి లాగ్‌ల జోలికి మాత్రం పోలేదు. నాకు వాటిని చెరిపే అధికారం ఉంది. ఒకసారి ప్రయత్నించాను కూడా. చెరిపినవాడి పేరు కూడా అందులో పడుతుందని గుర్తొచ్చి మానేశాను.

అప్పటినుంచి ఆమెకి ఆ అలవాటు వచ్చింది. ఎవరు మాట్లాడినా మొహం పక్కకి తిప్పి, గోడవైపు చూస్తూ, కుడిచెవి ముందుకు పెట్టేది. కొత్తగా వచ్చినవాళ్ళు పొగరనుకునేవాళ్ళు. "పొగరు కాదురా, ఆమె వినే తీరది" అని నేను చెప్పేవాణ్ణి. ఎందుకు ఆ తీరో చెప్పేవాణ్ణి కాదు. ఆమె కూడా చెప్పలేదు. డాక్టరు దగ్గరికి మాత్రం కోటేశుతో కలిసి పోయేది, అతని వేళ్ళకీ తన చెవికీ కలిపి ఒకే రోజు. నలభైమంది సంగతి ఆమె మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నా ఎదుట ఎత్తలేదు. నలభై ఒకటోవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏం ఎత్తుతుంది.

ఒళ్ళు బాగుండక ఆమె ఉద్యోగం మానేసిన రోజున, ఆఫీసులో ఇంకెవరూ లేనప్పుడు, ఆమె కుర్చీ దగ్గరికి పోయాను. ఆఖరి తెర ఏదో సరిచేస్తోంది. పక్కన నిలబడి అంతా చెప్పాను. కాపీ చేసింది, కోటేశును చించమన్నది, ఆమెకి చెప్పొద్దన్నది, మబ్బువైపు చూసింది. ఒక్క ముక్క పెంచలేదు, ఒక్క ముక్క తగ్గించలేదు. నా జీవితంలో అంత నికార్సుగా మాట్లాడింది అదొక్కసారే.

నిలబడింది ఎడమవైపు.

ఆమె మోదడం పూర్తిచేసింది. తెర మీద నీడ కదిలిందేమో, తల తిప్పింది.

"ఏందో అంటున్నావు బాబాయ్. ఆ పక్క వినపడదుగా. చెప్పదలుచుకుంటే ఇటు రా."

కుర్చీ చుట్టూ అటువైపు పోవడానికి మూడడుగులు. నేను కదల్లేదు.

"ఏం లేదమ్మాయ్. టీ తాగుతావా అని."

ఆమె నావైపు కాసేపు చూసింది, లాగ్ చదివేటప్పుడు చూసినట్టు, కింద నుంచి పైకి.

"తాగుతా" అంది.

టీ నేనే తెచ్చానని రాద్దామనుకున్నాను. కోటేశు తెచ్చాడు, వంకరపోయిన వేళ్ళ మధ్య రెండు గ్లాసులూ ఇరికించి పట్టుకుని.